షెన్‌జెన్ చేపలపల్లె కాదు, పంటబోదె

సంపాదకుల వారికి,

నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో చైనాలోని షెన్‌జెన్ నగరం మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, రాసినవారు కష్టపడ్డారు కూడా. అయితే మొదటి వాక్యం దగ్గరే నాకు కాలు ముందుకు పడలేదు. "నలభై ఏళ్ల కిందట నాలుగు పడవలున్న చిన్న చేపలపల్లె" అని మొదలుపెట్టారు. ఈ మాట మీ రచయిత ఒక్కరిదే కాదు లెండి, ఆ ఊరి గురించి ఎవరు రాసినా ఇక్కడి నుంచే ఎత్తుకుంటారు. మా అబ్బాయికి అక్కడ ఉద్యోగం. ఈ మధ్యనే నేనూ మా ఆవిడా వెళ్లి యాభై మూడు రోజులు ఉండి వచ్చాం. నేను ముప్పై నాలుగేళ్లు సర్వే శాఖలో గొలుసు లాగినవాణ్ని. ఎవరో సాగు చేసుకుంటున్న భూమిని బంజరని రాసేస్తే చూస్తూ ఊరుకోలేని అలవాటు ఆ ఉద్యోగంలో పట్టుకుంది, రిటైరయినా వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి, అంకెల జోలికి మాత్రం వెళ్లకండి.

ముందు పేరు సంగతి. మా కోడలు చైనా భాష నేర్చుకుంటోంది. మేము దిగిన మర్నాడే ఊరి పేరు కాగితం మీద రాసి చూపించింది. రెండు అక్షరాలు. మొదటిది షెన్, అంటే లోతు. రెండోది జెన్. అందులో ఎడమ పక్కన మట్టి గుర్తు, కుడి పక్కన పారే నీటికి మూడు నిలువు గీతలు. పొలాల మధ్య నీళ్లు పారడానికి తవ్వుకున్న కాలువ అని అర్థమట. "మామయ్యా, దీన్ని మనం ఏమంటాం?" అని అడిగింది. బోదె అంటామమ్మా అన్నాను. కోటీ డెబ్బై అయిదు లక్షల మంది కాపురముండే మహానగరం పేరు లోతుబోదె! బోదె ఉందంటే వరి ఉంది. వరి ఉందంటే గట్లున్నాయి. గట్లున్నాయంటే వాటి మీద తగాదాలూ ఉండే ఉంటాయి. ఆ పేరులో చేప వాసన ఎక్కడా తగలదు.

మేము హాంకాంగ్‌లో విమానం దిగి, రైల్లో లోవు దాకా వచ్చి, అక్కడ హద్దు దాటి లువోహులో అడుగుపెట్టాం. రాతలో ఈ రెండు పేర్లూ ఒకటే. హద్దుగా ఉన్న ఏటికి అటు దక్షిణాది భాష కాంటనీస్‌లో లోవు, ఇటు చైనా ప్రభుత్వ భాష మాండరిన్‌లో లువోహు. నడుమ కప్పు వేసిన వంతెన ఉంది, పెట్టెలు లాక్కుంటూ నడిచి దాటాలి. కింద షెన్‌జెన్ నది. నది అంటే పెద్దగా ఊహించుకోకండి, లువోహు దగ్గర అది ఒక మోస్తరు మురుగుకాలువ వెడల్పు కూడా ఉన్నట్టు లేదు. రెండు పక్కలా ముళ్ల కంచె. జనం వెనక నుంచి తోస్తున్నా నేను మాత్రం అద్దంలోంచి చూస్తూ నిలబడిపోయాను. ఎందుకంటే ఈ ఏటి కథ నాలాంటివాడికి పండగ భోజనం.

1898లో ఇంగ్లీషువాళ్లు ఈ ఏటికి దక్షిణపు భూములను చైనా నుంచి 99 ఏళ్ల కౌలుకు రాయించుకున్నారు. మామూలుగా ఏరు హద్దయితే నడిమి గీత పట్టుకుంటారు. వీళ్లు అలా చేయలేదు. నది మొత్తం తమ వైపు వేసుకుని, హద్దును ఉత్తరపు గట్టుకు జరిపారు. అంటే షెన్‌జెన్ రైతు తన గట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెడితే పరాయి రాజ్యంలో పెట్టినట్టే. 1997 జూలై 1న హాంకాంగ్ తిరిగి చైనాకు వచ్చాకే హద్దు నది నడిమికి వచ్చింది. అక్కడితో అయిపోలేదు. వరదలు ఆపడానికి 1995 నుంచి ఏటి వంపులు సరిచేయడం మొదలుపెట్టారు. ఒక పెద్ద వంపును కోసి నదిని తిన్నగా పారించేసరికి, అంతదాకా షెన్‌జెన్ వైపున్న 87 హెక్టార్లు, మన లెక్కలో సుమారు 215 ఎకరాలు, హాంకాంగ్ ఒడ్డున తేలింది. భూమి ఎవరిది? షెన్‌జెన్ మాదంది, హాంకాంగ్ మాదంది. ఇరవై ఏళ్లు నలిగి, 2017 జనవరిలో హాంకాంగ్‌దేనని ఒప్పుకొని, ఇద్దరూ కలిసి సాంకేతిక పార్కు కట్టడానికి రాజీపడ్డారు. ఏరు దారి మార్చుకుంటే ఎదురొడ్డున తేలిన లంకభూమి ఎవరిదన్న దావాలు నేను చాలా చూశాను. ఒకే దేశంలో, పాలన వేరైన రెండు వ్యవస్థల మధ్య అదే దావా నడవడం మాత్రం ఇక్కడే చూశాను.

మరో పిచ్చి విషయం చెప్పకుండా ఉండలేను. మా అబ్బాయి ఫ్లాటు ఫుటియెన్ సరిహద్దు ద్వారం దగ్గర ఇరవై ఏడో అంతస్తులో ఉంది. మొదటి సాయంత్రం బాల్కనీలో కూర్చుని ఫోనులో పటం తెరిచి, ఉపగ్రహ చిత్రం మీద రోడ్లు చూద్దామనుకున్నాను. చూస్తే, రోడ్డు మా భవనం పొట్టలోంచి పోతోంది! ఏటి అంచున ఉండాల్సిన వీధి నీళ్లలో దిగి ఉంది. నా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. తర్వాత మా అబ్బాయి చెప్పాడు. అక్కడి చట్టం ప్రకారం ప్రజలకిచ్చే పటాలు అసలు అక్షాంశ రేఖాంశాల మీద ఉండవు. కావాలనే జరిపిన ఒక లెక్క మీద ఉంటాయి. దాని పేరు జీసీజే-02. ఆ జరుపు కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు, చోటును బట్టి వందల మీటర్ల దాకా మారుతుంది. జనం దాన్ని వేళాకోళంగా అంగారక గ్రహం కొలతలంటారట. అక్కడి కంపెనీల పటాల్లో అన్నీ చక్కగా సరిపోతాయి. బయటి పటం, బయటి చిత్రం కలిపి చూసినవాడికే ఈ తిరకాసు. నేను నవ్వు ఆపుకోలేక జేబులోంచి మూడు మీటర్ల స్టీలు టేపు తీశాను. అది నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. "నాన్నా, దయచేసి ఇక్కడ వీధిలో టేపు బయటకు తీయకండి. అనుమతి లేకుండా సర్వే చేయడం నేరం" అన్నాడు. వాడు అతిగా భయపడుతున్నాడని అనిపించింది గానీ, కొడుకు ఇంట్లో ఉన్నప్పుడు కొడుకు మాటే చెల్లాలి. టేపు సూట్‌కేసులోకి వెళ్లిపోయింది.

ఇక చేపలపల్లె మాటకు వస్తాను. 1979లో షెన్‌జెన్ నగరమని పేరు పెట్టినది ఒక పల్లెకు కాదు, బావోఆన్ అనే కౌంటీకి. మన పాత తాలూకాలాంటిదనుకోండి. అప్పటికి అక్కడ ఉన్న జనం మూడు లక్షల పద్నాలుగు వేలు. హాంకాంగ్‌లోని కౌలూన్ నుంచి కాంటన్‌కు (ఇప్పటి గ్వాంగ్‌జౌ) పోయే రైలు 1911లోనే ఆ ఊళ్లో ఆగింది. రైలు ఉన్న చోట సంత ఉంటుంది. ఇప్పుడు డాంగ్‌మెన్ అని పిలిచే పాతవీధి ఆ సంతే. అంతకు ముందు కౌంటీ కచేరీ పడమట నాంటౌలో ఉండేది. 1953లో దాన్ని షెన్‌జెన్‌కు తరలించారు. నాంటౌ కోట దక్షిణ ద్వారం మింగ్ రాజుల నాటిది. 1573లో షిన్‌ఆన్ పేరుతో ఏర్పడిన ఇదే కౌంటీకి నాంటౌయే ముఖ్యపట్టణం. హాంకాంగ్ ద్వీపం 1842లో ఇంగ్లీషువాళ్లకు పోయేదాకా శిస్తు లెక్కలు నాంటౌ కచేరీకే వచ్చేవి. అంటే హాంకాంగ్ ఒకప్పుడు వీళ్ల తాలూకాలో ఒక మూల. మీ వ్యాసం చదివితే హాంకాంగ్ పక్కన ఏమీ లేని ఇసుక దిబ్బ మీద ఊరు మొలిచినట్టుంది.

మరి పడవలు పూర్తిగా అబద్ధమా అంటే, కాదు. లువోహు స్టేషనుకు దగ్గర్లోనే, ఏటి ఒడ్డున, యూమిన్‌ట్సున్ అనే పేట ఉంది. ఆ పేరుకు అర్థమే చేపలవాళ్ల పల్లె. పడవల మీదే పుట్టి, పడవల మీదే పోయే డాన్‌జియా జనం 1950ల్లో ఒడ్డుకెక్కి అక్కడ ఇళ్లు కట్టుకున్నారు. 1984 జనవరిలో అప్పటి చైనా అగ్రనేత డెంగ్ షియావోపింగ్ వచ్చి వాళ్ల ఇల్లు చూసి వెళ్లాక పత్రికలన్నీ ఆ పేటను పట్టుకున్నాయి. కౌంటీలో ఉన్న వరిపొలాలు, లిచీ తోటలు, సంతలు, కోటలు అన్నీ పోయి, ఆ ఒక్క పేట మొత్తం నగరానికి గతమై కూర్చుంది. ఇప్పుడక్కడ పల్లె లేదు, వరసగా అపార్టుమెంట్లే. కింద బెంచీ మీద ఎండ కాగుతూ ఒక పెద్దాయన కనిపించాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఫోనును నోటి దగ్గర పెట్టుకుని ఆయన చెప్పినదాన్ని ఆ యంత్రం తెలుగులోకి మార్చి "మా నాన్న పడవలో పుట్టిన చేప" అంది. నేను నవ్వితే ఆయనా నవ్వాడు. తర్వాత రెండు చేతులూ చాపి పడవ ఇంత అని చూపించి, ఏడు వేళ్లెత్తాడు. అందులో ఏడుగురం అని. ఆ సంగతి తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేకపోయింది.

మీ రచయిత పెద్ద ఫొటో వేసిన పింగాన్ భవనం 599 మీటర్లు. మేమూ చూశాం, మెడ పట్టేసింది. బస్సులన్నీ కరెంటువే, 2017 చివరికల్లా 16,359 బస్సులనూ మార్చేశారు. చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చే స్కూటర్లకు మా ఆవిడ రోజుకు రెండుసార్లు ఉలిక్కిపడేది. ఇవన్నీ మీ వ్యాసంలో ఉన్నాయి, నేను మళ్లీ చెప్పను. లేనిది ఒకటుంది. ఆ ఊళ్లో సగానికి సగం జనం తలదాచుకునే చోట్లు.

చైనాలో పట్టణ భూమి ప్రభుత్వానిది, పల్లె భూమి ఆ పల్లె సమష్టిది. నగరం పెరుగుతూ వచ్చి పొలాలు తీసుకుంది. ఇళ్ల స్థలాలు మాత్రం ఊరివాళ్లకే మిగిలాయి. మన రెవెన్యూ మాటలో చెప్పాలంటే, పొలాలు పోయి గ్రామకంఠం మిగిలింది. పొలం లేని రైతు ఏం చేస్తాడు? ఉన్న జాగాలో నిలువుగా సాగు చేశాడు. రెండంతస్తులు, నాలుగు, ఆరు, ఎనిమిది. ప్రతి గదీ బయటి నుంచి వచ్చినవాళ్లకు అద్దె. ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ ఎంత తక్కువంటే, ఈ కిటికీలోంచి ఆ కిటికీలోని మనిషితో చేతులు కలపవచ్చని వీటిని కరచాలనం ఇళ్లంటారు. మా అబ్బాయి ఉండే ఫుటియెన్‌లోనే షియాషా అనే పేట ఉంది. ముందు హువాంగ్ వంశం వారి పూర్వీకుల మందిరం, దాని ముందు విశాలమైన చావడి. నాలుగడుగులు వెనక్కి వేస్తే సందులు.

ఆ సందులో మిట్టమధ్యాహ్నం కూడా లైట్లు వెలుగుతున్నాయి. తలెత్తితే ఆకాశం ఒక రిబ్బను ముక్క. దానికి అడ్డంగా తీగల కట్టలు, ఆరేసిన బట్టలు. పైనుంచి ఏసీ నీళ్లు ఒక్కొక్క చుక్కే నా బట్టతల మీద పడుతున్నాయి. టేపు లేదు కదా, నా దగ్గర దేవుడిచ్చిన కొలత ఉంది. రెండు చేతులూ బార్లా చాపాను. రెండు అరచేతులూ రెండు గోడలకు ఆనాయి, మోచేతులు పూర్తిగా సాగలేదు. నా బార అయిదడుగుల ఆరంగుళాలు. సందు అయిదడుగులకు కాస్త పైన అని లెక్క తేల్చాను. ఇంతలో సామాన్లు మోసే స్కూటరు కుర్రాడు వచ్చి, శిలువలా నిలబడిన నన్ను చూసి, బండి ఆపి, ఓపిగ్గా ఎదురుచూశాడు. మా ఆవిడ తలకొట్టుకుంది. ఇదేదీ నేరం కిందికి రాదనే అనుకుంటున్నాను.

ఆ కుర్రాడిలాంటివాళ్లే ఊరు కట్టింది. 1979 నుంచి తొలి నాలుగైదేళ్లలో ఇరవై వేల మంది సైనిక నిర్మాణ కార్మికులను అక్కడికి పంపారు. తర్వాత వాళ్లను సైన్యం నుంచి తప్పించి ఆ ఊళ్లోనే వదిలేశారు. 1985లో పూర్తయిన గువోమావ్ భవనం మూడు రోజులకో అంతస్తు చొప్పున లేచిందని గొప్పగా చెప్పుకుంటారు. ఆ వెనక ఫ్యాక్టరీల్లోకి దేశం నలుమూలల నుంచి ఆడపిల్లలు, మగపిల్లలు వచ్చారు. కాంటనీస్ ఎక్కువగా మాట్లాడే రాష్ట్రంలో ఈ ఊరు మాండరిన్ మాట్లాడుతుందంటే కారణం అదే. కానీ వచ్చినవాళ్లకు ఊళ్లోకి రావడం కూడా తేలిక కాలేదు. హాంకాంగ్ హద్దున నది వెంట ఒక కంచె ఉంటే, సొంత దేశస్థుల కోసం ఊరి వెనక రెండో కంచె వేశారు. 84.6 కిలోమీటర్ల పొడవు, 1986 నుంచి అమలు. కంచె లోపలి ప్రత్యేక ఆర్థిక మండలంలోకి రావాలంటే అప్పట్లో చైనా పౌరుడికి కూడా పత్రం ఉండాల్సి వచ్చేది. 2010లో మండలాన్ని నగరమంతటికీ విస్తరించారు, అయినా గీతను అధికారికంగా చెరిపింది 2018లో. మేలిన్ కొండల వైపు ఆ కంచె వెంట గస్తీ తిరగడానికి వేసిన గ్రానైటు పలకల దారి ఇప్పుడు షికారు బాట. ఒక ఆదివారం నేను దాని మీద రెండు గంటలు నడిచాను. పలకలు అరిగి నున్నగా ఉన్నాయి. పక్కన చిన్న పిల్లలు బుడగలు ఊదుతున్నారు. హద్దు రాయి పీకేశాక కూడా గట్టు ఆనవాలు నేలలో కనిపిస్తుందని మా పాత తనిఖీదారు అనేవారు. నాకు అక్కడ ఆయనే గుర్తొచ్చారు.

కంచె పోయినా కాగితం పోలేదు. హుకౌ అంటే కుటుంబం ఏ ఊరి రిజిస్టరులో ఉందో చెప్పే పుస్తకం. "వచ్చావా, నువ్వూ షెన్‌జెన్‌వాడివే" అని ఆ ఊళ్లో గోడల మీద రాసి ఉంటుంది. ఊళ్లో ఉండేవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది హుకౌ మాత్రం ఇంకా పుట్టిన ఊళ్లోనే ఉంది. ఇది నాకు పుస్తకాల్లో కంటే బాగా వసంత పండగ (చైనావాళ్ల కొత్త సంవత్సరం) వారంలో అర్థమైంది. పండగకు నాలుగు రోజుల ముందు నుంచే షియాషా సందులు ఖాళీ అవడం మొదలైంది. చక్రాల పెట్టెల మోత, సంచులు, పిల్లలు. మేము రోజూ పొద్దున్నే బియ్యప్పిండి ఆవిరి చుట్టలు తినే కొట్టు షట్టరు మీద ఎర్రకాగితం అంటించి ఉంది. కోడలు చదివి చెప్పింది: మొదటి నెల ఎనిమిదో రోజున మళ్లీ తెరుస్తాం, అందరికీ శుభం కలగాలి. కొట్టు నడిపే దంపతులది హూనాన్ రాష్ట్రమట. పిల్లవాడు అక్కడ తాత దగ్గర చదువుకుంటున్నాడు. పండగ నాడు కరెంటు బస్సులో మేము అయిదుగురం, డ్రైవరు ఒకరు. నగరం సొంతవాళ్లెవరూ లేని ఇల్లులా ఉంది.

హద్దుల పిచ్చి ఉన్నవాడిగా నాకు తీరని కోరిక ఒకటి మిగిలిపోయింది. సరిహద్దు తూర్పు కొసన చైనా–ఇంగ్లండు వీధి అని ఉంది, పావు కిలోమీటరు పొడవు ఉంటుందేమో. వీధి నడుమ 1898 సంవత్సరం చెక్కిన సరిహద్దు రాళ్లు. ఒక వరస కొట్లు చైనావి, ఎదురు వరస హాంకాంగ్‌వి. లోపలికి వెళ్లడానికి అనుమతి పత్రం కావాలి. మా దగ్గర లేదు. గేటు దాకా వెళ్లి, రాళ్లు ఉండే దిక్కుకు ఒకసారి చూసి, బస్సెక్కి వచ్చేశాం.

మీ రచయిత మళ్లీ ఆ ఊరు వెళితే చేపలపల్లె ఫొటో ఎక్కడ దొరుకుతుందో చెప్పి ముగిస్తాను. మా అబ్బాయి బాల్కనీలో నిలబడి దక్షిణం వైపు చూడాలి. దగ్గర్లో ఏరు, దాని కంచె. కంచె అవతల ఇందాక చెప్పిన 215 ఎకరాల తగాదా భూమి, దాని మీద క్రేన్లు. ఆ వెనక హాంకాంగ్ నేల. 1951లో ఇంగ్లీషువాళ్లు సరిహద్దు వెంట జనాన్ని రానీయకుండా నిషిద్ధ ప్రాంతం చేసిపెట్టారు. అందువల్ల డబ్బున్న హాంకాంగ్ వైపు ఖాళీగా ఉండిపోయింది, పేద షెన్‌జెన్ వైపు నిండిపోయింది. పొద్దున ఏడింటికి మంచు విడుతుంటే ఆ అవతలి ఒడ్డున పలకల్లా, ఒకదాని పక్కన ఒకటి, గట్లతో సహా మెరిసేవి చేపల చెరువులు. వాటి మీద తెల్లకొంగలు. నేను రోజూ కాఫీ తాగుతూ ఎన్ని చెరువులున్నాయో లెక్కపెట్టేవాణ్ని. ముప్పై ఒకటి దాకా వెళ్లేసరికి ఎండ కళ్లలో పడి లెక్క తప్పేది.

ఇట్లు,
ఒక విశ్రాంత సర్వేయరు